డీజిల్ పెరిగింది, బాడుగ ఎంత పెంచాలి?

పాఠకుడి ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. 45 హెచ్‌పీ ట్రాక్టరు, ఆరడుగుల రోటవేటరు, తొమ్మిది పళ్ళ గొర్రు, ట్రక్కు ఉన్నాయి. బాడుగలకు తోలుతాను. రోటవేటరుకు గంటకు 1,200 తీసుకుంటున్నా. డీజిల్ పెరిగినప్పుడల్లా తోటి బండ్ల వాళ్ళు వంద పెంచమంటారు. పెంచితే రైతులు పక్క ఊరి బండిని పిలుస్తున్నారు, పెంచకపోతే నాకేమీ మిగలడం లేదు. ఎంత పెంచడం న్యాయం? ఆయిలు ఖర్చు తగ్గే దారి ఉందా? తమిళనాడులో లీటరు ఐదు రూపాయలు తక్కువట, డ్రమ్ముల్లో తెచ్చుకోవచ్చా? కొందరు కిరోసిన్ కలపమంటున్నారు. పడవలకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం ట్రాక్టరుకు ఎందుకివ్వదు? అసలు ధర ఎందుకు తగ్గించరు?

సమాధానం: వంద పెంచడం మాత్రం న్యాయం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మీ బండి గంటకు ఎన్ని లీటర్లు తాగుతుందో మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి. చాలామంది యజమానులు దీన్ని అందాజాగా చెబుతారు. ఆ అందాజా లీటరు అటూఇటూ ఉంటుంది. సీజను మొత్తం మీద ఆ లీటరే మీ లాభనష్టం.

కొలవడం తేలిక. బండిని చదునైన చోట నిలబెట్టి ట్యాంకు మెడ అంచు దాకా నింపండి. కొలతలు తెలిసిన పొలంలో రెండు మూడు గంటలు పని చేయించండి. మళ్ళీ అదే చోట, బండి ముఖం అదే వైపు ఉండేలా నిలబెట్టి, గీతలున్న 5 లీటర్ల క్యానుతో మెడ అంచు దాకా పోయండి. ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకుని గంటలతో భాగించండి, ఎకరాలతోనూ భాగించండి. పొడి దుక్కికి వేరుగా, నీళ్ళలో దమ్ముకు వేరుగా, ట్రక్కు తోలకానికి వేరుగా, ఒక్కొక్కదానికి మూడుసార్లు చేసి సగటు తీయండి. నల్లరేగడిలో వచ్చిన లెక్క పెన్న ఒడ్డు ఇసుక నేలకు పనికిరాదు, కాబట్టి రెండు రకాల నేలల్లోనూ చూడండి. 45 హెచ్‌పీ బండి రోటవేటరుతో నీళ్ళలో గంటకు ఐదు నుంచి ఆరు లీటర్లు తాగడం మామూలే. మీది ఐదున్నర అనుకుని లెక్క వేద్దాం. మీ అంకె వచ్చాక దీన్ని మార్చుకోండి.

లీటరుకు 4 రూపాయలు పెరిగితే గంటకు మీ మీద పడేది ఐదున్నర నాలుగుల 22 రూపాయలు. వంద కాదు. దుక్కి నుంచి దమ్ము దాకా ఎకరాకు 12 లీటర్లు పట్టిందనుకున్నా రైతు మీద పడవలసింది 48 రూపాయలే. 850 కిలోల వడ్ల పుట్టి ధర వేలల్లో ఉన్న రోజుల్లో 48 రూపాయలకు ఏ రైతూ బండి మార్చడు. రైతుకు కోపం తెప్పించేది ఆ పేరు చెప్పి గంటకు వంద గుంజడం, డీజిల్ తగ్గినప్పుడు ఆ వందను వెనక్కి ఇవ్వకపోవడం. 2021 నవంబరులో డీజిల్ ఒక్కసారిగా దిగింది, 2022 మేలో మళ్ళీ దిగింది. ఆ రెండుసార్లూ బాడుగ ఎంతమంది తగ్గించారో రైతులు మరిచిపోలేదు.

అందుకని రేటును లీటరు ధరకు ముడిపెట్టి ముందే చెప్పండి. 'లీటరు 98 ఉన్నప్పుడు గంటకు 1,200. ధర 4 రూపాయలు పెరిగితే 1,220, 4 తగ్గితే 1,180' అని షెడ్డు గోడ మీద రాయించండి. రెండు రూపాయల మార్పుకు రేటు కదిలించవద్దు, చిల్లర పంచాయితీలు ఎక్కువవుతాయి. మార్పంతా కలిపి 4 దాటినప్పుడే కదిలించండి. దిగేటప్పుడు కూడా అదే మాట మీద నిలబడాలి. ఊళ్ళో ఉన్న నలుగురైదుగురు యజమానులు రైతులను కూర్చోబెట్టుకుని వాళ్ళ ముందే ఈ లెక్క కడితే ఇంకా మేలు. టైర్లు, ఇంజనాయిలు, డ్రైవరు కూలి పెరిగితే వాటిని ఏడాదికొకసారి వేరుగా చెప్పి పెంచండి, డీజిల్ నెత్తిన వేయకండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. మీకు మిగలకపోవడానికి పెద్ద కారణం అదేనని మా అనుమానం. బంకులో మీరు రొక్కం కడతారు, రైతు కోత అయ్యాక ఇస్తాడు. సీజనుకు 200 గంటలు తోలితే 1,100 లీటర్లు, లీటరు 98 చొప్పున 1,07,800 రూపాయలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నాలుగు నెలలు తిప్పితే వడ్డీ 8,624. గంటకు 43 రూపాయలు! లీటరుకు 4 రూపాయలు పెరిగినందుకు పడే 22కు ఇది దాదాపు రెట్టింపు. ధర పెరిగిందని బాధపడుతున్నాం గానీ, అరువు అంతకంటే ఎక్కువ తినేస్తోంది.

దీనికి మందు బాడుగను రెండు ముక్కలు చేయడమే: ఆయిలు డబ్బులు ఆ రోజే, మిగతా బాడుగ పంట మీద. గంటకు 540 చేతికొస్తే బంకు అప్పు పుట్టదు. అది కూడా ఇవ్వలేని రైతుకు 'డీజిల్ మీరు పోయించండి, బండి, డ్రైవరు నావి' అని 660కి ఒప్పుకోండి. ఈ పద్ధతిలో గొడవ వచ్చేది రెండు చోట్ల. ట్యాంకులో ముందున్న ఆయిలు ఎంత అన్నది ఒకటి, ఊరి నుంచి పొలానికి వచ్చిపోయే ఆయిలు ఎవరిది అన్నది రెండోది. మొదటిదానికి పని ముందూ తర్వాతా రైతు ఎదుటే ట్యాంకు మెడ దాకా నింపడం. రెండోదానికి దూరాన్ని బట్టి ఒక లీటరో రెండు లీటర్లో అని మాట ముందే అనుకోవడం.

ఇక ఆదా. ఎక్కువ ఆయిలు వృథా అయ్యేది రోడ్డు మీద. ఎనిమిది కిలోమీటర్లు పోయి ఒక్క ఎకరా దున్ని తిరిగొస్తే పదహారు కిలోమీటర్లకు రెండున్నర లీటర్ల దాకా ఖర్చు, అంటే 245 రూపాయలు. ఒకే కాలువ కింద ఉన్న కయ్యలను ఒకే రోజుకు కూర్చి తోలండి. నలుగురు రైతులు కలిసి పిలిస్తే గంటకు 30 తగ్గిస్తానని చెప్పినా మీకు నష్టం లేదు. నీటి వంతు ఎలాగూ కాలువను బట్టే వస్తుంది కాబట్టి ఎడగారులో (రెండో పంటలో) ఇది ఇంకా తేలిక.

తర్వాత చక్రం జారుడు. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీయండి. గొర్రు పైకెత్తి పొలంలో టైరు పది చుట్లు తిరిగే దూరం కొలవండి. తర్వాత గొర్రు దించి దున్నుతూ మళ్ళీ పది చుట్లు కొలవండి. మొదటిది 43 మీటర్లు, రెండోది 36 అయితే జారుడు 16 శాతం. పొడి దుక్కిలో 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. దాటితే కాల్చిన ఆయిల్లో ఆ మేరకు టైరు అరగదీయడానికే పోతోందన్నమాట. గొర్రు లోతు అంగుళం తగ్గించండి, టైర్లలో నీళ్ళు నింపించండి, లేదా వెనక బరువులు వేయండి. దమ్ములో మాత్రం దీనికి తిరకాసు. అక్కడ బరువు ఎక్కువైతే బండి దిగబడుతుంది. కాబట్టి బరువులు తీసేసి ఇనుప చక్రాలు వేయాలి. పొలం టైరు గాలి 12 నుంచి 14 పౌండ్లు, ట్రక్కు తోలకానికి దానికంటే ఎక్కువ. కచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో ఉంటుంది. రోడ్డు గాలితో పొలంలో దిగితే టైరు పట్టు దొరకదు, పొలం గాలితో ట్రక్కు లాగితే టైరు వేడెక్కి పక్కలు చీలుతాయి.

గేరు సంగతి. తేలిక పనిలో, సగం లోడు ట్రక్కుతో, ఒక గేరు పైకి వేసి ఆక్సిలరేటరు తగ్గించండి. అదే వేగం తక్కువ ఆయిలుతో వస్తుంది. గొట్టం నుంచి నల్లపొగ వచ్చినా, ఆక్సిలరేటరు పెంచితే ఇంజను అందుకోకపోయినా గేరు కిందికి దించాల్సిందే, లేకుంటే ఇంజనుకు దెబ్బ. రోటవేటరుకు ఈ కిటుకు కుదరదు. దాని షాఫ్టు నిమిషానికి 540 తిరగాలి. మీ బండికి ఎకానమీ పీటీఓ ఉంటే పొడి, తేలిక నేలలో దాన్ని వాడండి. ఇంజను తక్కువ తిరుగుడుతోనే 540 వస్తుంది.

దమ్ముకు ముందు మడిని కనీసం ఒక రోజు నాననివ్వండి. నానని గడ్డల మీద రోటవేటరు తిప్పితే రెండు చాళ్ళతో అయ్యే పని మూడు చాళ్ళకు పోతుంది. ఒక్క చాలు తగ్గినా చాలా ఆయిలు మిగులుతుంది. నీళ్ళు రెండంగుళాలు చాలు. ఎక్కువుంటే మెరక, పల్లం కనపడవు, తక్కువుంటే మట్టి బ్లేళ్ళకు అంటుకుని బండిని పట్టేస్తుంది. అరిగిన బ్లేళ్ళు మట్టిని కోయవు, నూరతాయి. మారుస్తున్నప్పుడు కుడి బ్లేడు, ఎడమ బ్లేడు తారుమారు కాకుండా చూడండి. తారుమారైతే బండి అదురుతుంది, గేరుబాక్సు బేరింగు పోతుంది.

గాలి ఫిల్టరు ఎండాకాలపు దుక్కిలో ఆయిలు దొంగ. మీ బండిది నూనె తొట్టి రకమైతే దుమ్ము పనిలో రోజూ విప్పి చూడాలి. బురద పేరుకుంటే నూనె మార్చాలి. గీత దాటి నూనె పోస్తే ఇంజను దాన్ని లాగేసుకుంటుంది, జాగ్రత్త. పొడి రకమైతే నీళ్ళతో కడగకూడదు. లోపలి వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. డీజిల్ పైపుల జాయింట్ల దగ్గర తడి ఉంటే చిన్నదని వదలకండి. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజంతా కలిపి నాలుగు లీటర్లు. ఇంజెక్టర్లను ఐదారు వందల గంటలకొకసారి పంపు షాపులో ఒత్తిడి పెట్టి చూపించండి. బండి వేడెక్కుతోందని మెకానిక్కు థర్మోస్టాటు పీకేసి ఉంటే తిరిగి పెట్టించండి. అది లేని ఇంజను చల్లగా నడిచి ఆయిలు ఎక్కువ తాగుతుంది, సిలిండరు అరుగుతుంది. వేడికి అసలు కారణం చాలాసార్లు రేడియేటరు జాలీలో ఇరుక్కున్న గడ్డీ దుమ్మే. పొలం గట్టు మీద మాట్లాడుకుంటూ ఇంజను ఆపకుండా వదిలితే గంటకు సుమారు లీటరు. డ్రైవరుకు గంటల లెక్కన కూలి ఇస్తూ ఆయిలు తగ్గించమంటే తగ్గదు. మీరు కొలిచిన ఎకరా లెక్క కంటే మిగిలిన ప్రతి లీటరులో సగం డబ్బు అతనికివ్వండి.

తమిళనాడు డీజిల్ విషయానికొద్దాం. తేడా ఉన్న మాట నిజమే. అది పన్నుల తేడా. కొన్నేళ్ళుగా మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి ఉన్నాయి. చెన్నై రహదారి మీద పోయే లారీలు అవతలే ట్యాంకు నింపుకుని రావడానికి కారణం ఇదే. లారీ ఎలాగూ అటు పోతుంది, మీరు దానికోసం పోవాలి. నెల్లూరు నుంచి సరిహద్దు దాకా పోయి రావడం 180 కిలోమీటర్లు దాటుతుంది. పికప్ బండి లీటరుకు 12 ఇచ్చినా 15 లీటర్లు, 1,400 రూపాయల పైమాటే. 200 లీటర్ల డ్రమ్ము మీద మిగిలేది వెయ్యి. పెట్రోలియం చట్టం ప్రకారం వెయ్యి లీటర్లకు మించని పాత్రల్లో మొత్తం 2,500 లీటర్ల దాకా డీజిల్ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఊళ్ళోనే ఒకటి రెండు డ్రమ్ములు పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే చెక్క దిమ్మెల మీద నీడలో, కాస్త వాలుగా ఉంచండి, ఒక రోజు తేరుకున్నాక అడుగు నాలుగు వేళ్ళు వదిలి పైది తోడండి. జింకు పూత డబ్బాలు వద్దు, డీజిల్‌తో కలిసి జిగురులా మారి ఫిల్టరును పూడుస్తాయి. బంకు ధర కంటే పది పదిహేను తక్కువకు ఇంటి దగ్గరికే తెచ్చి పోస్తామనే ఆయిలు ఎవరిదైనా తీసుకోకండి. బంకులో కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల ముద్ర కొలపాత్రలో పట్టి చూపమని అడగండి, అది మీ హక్కు. 25 మిల్లీలీటర్ల తేడా దాకా చెల్లుతుంది, దాటితే తూనికలు, కొలతల శాఖకు రాయండి.

ధర ఎందుకు తగ్గించరన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పుకోవాలి. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఆ ధర మన చేతిలో లేదు. చేతిలో ఉన్నది పన్ను. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో తీసేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం ఆరింటికి ధర మారుతుందన్నారు. కాగితం మీద అంతే. 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా, అంటే ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా, కంపెనీలు ధర కదిలించలేదు. తర్వాత రెండు వారాల్లో లీటరుకు 10 రూపాయలు పెంచాయి. మీ లెక్కలో అది గంటకు 55. అందుకే పైన చెప్పిన గోడ మీది రేటు ఇలాంటి కుదుపును కూడా తట్టుకునేలా ఉండాలి.

ఇంకో సంగతి కూడా పట్టించుకోండి. 2020లో కరోనా వల్ల ముడిచమురు పడిపోయినప్పుడు ఆ లాభం బంకు దాకా రాలేదు. మార్చి, మే నెలల్లో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు సుంకం కలిపి 16 రూపాయలు పెంచింది. తర్వాత ధర మండినప్పుడు 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించింది. రాష్ట్ర వ్యాట్ శాతాల్లో ఉండటం వల్ల కేంద్రం 10 తగ్గిస్తే మన బంకులో 12 రూపాయలకు పైగా తగ్గింది. పెరిగేటప్పుడూ అదే లెక్క, రూపాయికి దాదాపు రూపాయి ఇరవై రెండు పైసల మోత. ధర పెరిగే కొద్దీ రాష్ట్ర ఖజానాకు రాబడి కూడా పెరుగుతుంది కాబట్టి వ్యాట్‌ను శాతం నుంచి లీటరుకు ఇంత అన్న పద్ధతికి మార్చమని అడగడం సబబైన కోరిక. డీజిల్ జీఎస్టీ పరిధిలో లేదు. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన మండలి సమావేశం ఇప్పుడే తేవద్దని తేల్చింది.

పడవలకు రాయితీ ఇవ్వగలగడానికి కారణం లెక్క తేలికగా ఉండటం. నమోదైన పడవ, నెలకు ఇన్ని లీటర్లని పరిమితి, రేవు దగ్గరి బంకు. 2019లో లీటరుకు 9 రూపాయలు చేశారు. ట్రాక్టరు ఆయిలు దమ్ముకు పోయిందా, ఇటుక తోలకానికి పోయిందా అని బంకులో తేలదు. అలా తేలని రాయితీ ఎక్కడైనా పక్కదారి పడుతుంది. అందుకే ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన ధరలు పెంచి ఆ డబ్బును కుటుంబాల ఖాతాల్లో వేసింది.   మన దగ్గర సాయం రావలసింది కూడా ట్రాక్టరు యజమాని పేరు మీద కాదు, సాగు చేసే రైతు పేరు మీద, ఎకరాకు ఇంత అని. కౌలు రైతుకూ అది చేరాలి. మీ మండలంలో అర్జీ రాస్తే ఈ రెండే రాయండి: లీటరు లెక్కన వ్యాట్, ఎకరా లెక్కన సాయం. రాయితీ డీజిల్ అడిగితే ఏళ్ళు గడుస్తాయి.

చివరగా కిరోసిన్. కలపకండి. ఇంజెక్షను పంపులోని భాగాలకు రాపిడి తగ్గించే జిడ్డు డీజిల్ నుంచే అందుతుంది. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. కొన్ని నెలలు బాగానే నడిచినట్టుంటుంది, తర్వాత ఒకరోజు పంపు పట్టేస్తుంది, దాని మరమ్మతు మీరు మిగుల్చుకున్నదాన్ని మింగేస్తుంది. మైలేజీ పెంచుతామని అమ్మే సీసాల మందులూ వద్దు. ఇప్పటికే కలిపి ఉంటే ట్యాంకు అడుగు బిరడా విప్పి మొత్తం దించేయండి, డీజిల్ ఫిల్టరు మార్చండి, మంచి డీజిల్ నింపి, ఫిల్టరు మీది గాలి మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు లేని ధార వచ్చాక బిగించి, అప్పుడు స్టార్టు చేయండి.